పసికందుకు నొప్పి తెలియునా?

పుట్టిన రెండు మూడు దినములకే శిశువు మడమను సూదితో గ్రుచ్చి, కొన్ని రక్తపు చుక్కలు తీసి పరీక్షించుట నేడు అనేక ఆసుపత్రులలో పరిపాటి. సూది తగులగనే బిడ్డ ముఖము ముడుచుకొని కెవ్వున ఏడ్చును. అది నొప్పియని తల్లికి ఎవరును చెప్పనక్కరలేదు. వైద్యశాస్త్రము మాత్రము దీనిని ఒప్పుకొనుటకు చాలకాలము సంకోచించెను.

1941లో అమెరికాలో మిర్టిల్ మెక్‌గ్రా అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు శిశువులను గుండుసూదితో పొడిచి వారి చేష్టలను గమనించెను. అప్పుడే పుట్టినవారిలో కొందరు అంతగా చలించలేదు. పసివారి నాడీమండలము ఇంకను పరిపక్వము కానందున వారికి బాధ తెలియదను అభిప్రాయమునకు ఇట్టి పరిశీలనలు బలము చేకూర్చెను. మత్తుమందు పసిప్రాణమునకు ప్రమాదమను భయమును ఉండెను. అది నిరాధారమైన భయము కాదు. ఫలితముగా 1980ల వరకును కొన్నిచోట్ల నెలలు నిండని శిశువులకు, కండరములు కదలకుండచేయు మందుతో స్వల్పముగా నైట్రస్ ఆక్సైడు మాత్రమిచ్చి శస్త్రచికిత్సలు చేసిరి. కదలలేని బిడ్డ ఏడ్వలేదు కదా!

ఇండోరులో వైద్యవిద్య ముగించి ఆక్స్‌ఫర్డు చేరిన కన్వల్జీత్ ఆనంద్ ఏడుపును నమ్ముకొనక, రక్తమునే సాక్ష్యమడిగిరి. ఆయనయు సహచరులును 1987లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఫెంటానిల్ అను నొప్పినివారిణి కూడ పొందిన శిశువులలో ఒత్తిడిని తెలుపు హార్మోనులు తక్కువగా పెరిగెను. చికిత్స తరువాతి చిక్కులును తగ్గెను.

కాని మడమపై ఒక్క పోటుకు అంత బలమైన మందు ఇచ్చుట ఎట్లు? 1991లో ఇలియట్ బ్లాస్, హాఫ్‌మేయర్ అనువారు సూదికి ముందు 2 మిల్లీలీటర్ల పంచదార నీరు పట్టి చూడగా, ఏడుపు సగమునకు తగ్గెను. (ఇది ఆసుపత్రిలో కొలతప్రకారము వాడునదే గాని, ఇంట పాలకు బదులుగా పట్టవలసినది కాదు.) 2000లో జరిగిన మరియొక ప్రయోగములో, తల్లి రొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు పరుండబెట్టిన శిశువుల ఏడుపు, ఉయ్యాలతొట్టిలోని వారితో పోల్చగా 82 శాతము తక్కువ.

2003లో ఫ్రాన్సులో 180 మంది శిశువులపై జరిగిన పరీక్ష నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచును. సిరనుండి రక్తము తీయునప్పుడు తల్లి ఊరక ఎత్తుకొన్న బిడ్డల నొప్పి 10కి 10గా నమోదైనది. పాలు త్రాగుచున్న బిడ్డలలో అది 1 మాత్రమే! ఇవి మధ్యస్థపు విలువలు.

అయినను పాత ప్రశ్న మరల తలయెత్తినది. 2010లో లండనులో మెదడు విద్యుత్ తరంగములను కొలిచినవారికి, పంచదార నీరు త్రాగిన బిడ్డల ముఖము శాంతించినను, మెదడులోని స్పందన తగ్గినట్లు కనబడలేదు. తల్లిపాల విషయమున ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తన సలహా తెలిపెను: టీకా వేయునప్పుడు బిడ్డను ఎత్తుకొని ఉండవలెను, వేయుచుండగనో, కొంచెము ముందుగనో పాలియ్యవలెను.