చీకటి కొలతకు తగిన దీపం: హైదరాబాదులో దివిటీ నుంచి కీచైన్ టార్చి దాకా

హైదరాబాదు పడమటి దిక్కున మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ వరకు పరుచుకున్న ఐటీ కారిడార్‌లో, తాళంచెవుల గుత్తికి తగిలించుకునే బొటనవేలంత ఎల్‌ఈడీ టార్చి ఎవరి దృష్టినీ ఆకర్షించని వస్తువు. ధర స్వల్పం, ఆయుష్షు అంతంత మాత్రం, ఉపయోగం క్షణాలది కాబట్టి నగర చరిత్రలో దానికి చోటు దక్కకపోవడం సహజమే. అయితే మనిషి వెంట తీసుకెళ్లే దీపం ఎంత ఉండాలన్నది అతడు దాటవలసిన చీకటి ఎంతన్నదాన్ని బట్టే తేలుతుందని గుర్తిస్తే, దివిటీ నుంచి కీచైన్ టార్చి వరకు జరిగిన ప్రయాణం ఈ నగరంలో చీకటి ఎవరికి ఎంత తగ్గిందో, ఎవరికి ఎంత మిగిలిందో చెప్పగల ఆధారంగా కనిపిస్తుంది.

విద్యుత్తు రాకముందు దక్కనులో రాత్రి ప్రయాణానికి కావలసిన వెలుగు చాలావరకు సేవకుల చేతుల్లో ఉండేది. కర్రకు గుడ్డపీలికలు చుట్టి, నూనెలో తడిపి వెలిగించే దివిటీని మోయడమే పనిగా గల మషాల్చీలు ప్రభువుల పల్లకీల ముందు నడిచేవారు. ఊరేగింపులో దివిటీల సంఖ్యను బట్టి ఆ ఇంటి హోదాను లెక్కగట్టేవారు. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాలలో కిరోసిన్ విరివిగా దొరకసాగిన తరువాత, గాలికి ఆరిపోకుండా గాజు చిమ్నీతో కాపాడే హరికేన్ లాంతరు వాడుకలోకి వచ్చి, సామాన్యుడు తన వెలుగును తానే పట్టుకుని నడిచే వీలు కల్పించింది. తెలంగాణ పల్లెల్లో కందిలి అని పిలిచే ఈ లాంతరు, అందులో పోసే గ్యాసునూనె అనే కిరోసిన్, చాలా ఇళ్లలో ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా నిలిచాయి. కిరోసిన్‌ను గాలి ఒత్తిడితో పైకి నెట్టి, వేడితో ఆవిరిగా మార్చి, మాంటిల్ అనే వలగుడ్డను తెల్లగా మండించే పెట్రోమాక్స్ దీపం మాత్రం కూలీల తలల మీద పెళ్లి ఊరేగింపులకు వెంట వచ్చి, దివిటీకున్న పాత హోదాను కొంతకాలం కొనసాగించింది.

నిజాం ప్రభుత్వం 1910లో విద్యుత్ శాఖను నెలకొల్పింది. 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం పని ప్రారంభించింది. సింగరేణి గనుల బొగ్గు, చల్లబరచడానికి చెరువు నీరు దానికి ఆధారాలయ్యాయి. ఆ కేంద్రం తరువాతి కాలంలో మూతపడి, 1990లలో దాని కట్టడాలను పూర్తిగా తొలగించారు. తొలి దశాబ్దాలలో ఈ విద్యుత్తు రాజప్రాసాదాలకు, కార్యాలయాలకు, ప్రధాన వీధులకే పరిమితమైంది గనుక, గోల్కొండ కోటకు ఉత్తర, వాయవ్య దిక్కుల్లో ఉన్న బండరాళ్ల గుట్టలు, చెరువుల మధ్య పల్లెలు నగరానికి కూతవేటు దూరంలో ఉండి కూడా లాంతరు వెలుగులోనే ఉండిపోయాయి. కుతుబ్‌షాహీల కాలంలో కోటకు నీరందించిన దుర్గం చెరువు పరిసరాలు అలాంటివే. నేటి ఐటీ కారిడార్ వెలసింది ఈ నేల మీదనే.

చేతిలో పట్టే విద్యుత్ దీపం పుట్టుకకు రెండు ఆవిష్కరణలు కలిసివచ్చాయి. ద్రవం ఒలకని పొడి ఘటానికి, అంటే జనం సెల్లు అని పిలిచే బ్యాటరీకి, జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ గాస్నర్ 1886లో పేటెంటు పొందాడు. ఆ సెల్లులను గొట్టంలో వరసగా పేర్చి, చివర బల్బును అమర్చిన దీపానికి డేవిడ్ మిసెల్ అనే ఆవిష్కర్త 1899లో అమెరికాలో పేటెంటు పొందగా, కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీ దానిని ఎవరెడీ పేరుతో మార్కెట్‌కు తెచ్చింది. ఆనాటి బల్బు తీగ, సెల్లు రెండూ బలహీనమైనవి కావడంతో ఆ దీపాలు కొద్ది క్షణాలు మెరిసి విశ్రాంతి కోరేవి; టంగ్‌స్టన్ తీగ వచ్చాక గాని నిలకడైన వెలుగు సాధ్యపడలేదు. భారతదేశంలో ఎవరెడీ కంపెనీ 1934లో ఏర్పడింది. తెలుగు నేలపై 1972లో నెల్లూరు కేంద్రంగా స్థాపితమైన ఇండో నేషనల్ సంస్థ జపాన్ సహకారంతో తయారు చేసిన నిప్పో సెల్లులు ఇంటింటి పేరుగా మారాయి. హైదరాబాదు మౌలాలిలో కూడా బ్యాటరీల కర్మాగారం నడిచింది.

రెండు లేదా మూడు పెద్ద సెల్లులు పట్టే ఇత్తడి, స్టీలు టార్చిలైటుకు ఆ కాలపు తెలుగు పల్లెలో కచ్చితమైన పని ఉండేది. వ్యవసాయ మోటార్లకు కరెంటును విడతలవారీగా, తరచు రాత్రివేళ సరఫరా చేసినందువల్ల, మోటారు వేయడానికి అర్ధరాత్రి పొలానికి వెళ్లే రైతుకు గట్టు మీది పామును, నీళ్లలో పడివున్న తీగను దూరం నుంచే చూపించే దీపం ప్రాణావసరమైంది. ఈ పరిస్థితి మారి, తెలంగాణలో వ్యవసాయానికి రోజంతా విద్యుత్తు 2018 జనవరి 1 నుంచి గాని అమలు కాలేదు. పొలం వరకు ఉన్న ఆ దారి పొడవే టార్చి బరువును, దానిలోని సెల్లుల సంఖ్యను నిర్ణయించిందని చెప్పవచ్చు.

1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించడంతో ఈ ప్రాంతపు రాత్రుల స్వభావం మారిపోయింది. చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్న ఆ కాలంలో ప్రభుత్వం, ఎల్ అండ్ టీ సంస్థ కలిసి రూపొందించిన హైటెక్ సిటీ, విదేశీ కార్యాలయాల వేళలకు అనుగుణంగా రాత్రంతా పనిచేసే భవనాల సముదాయంగా ఎదిగింది. ఇక్కడ కరెంటు పోతే పని ఆగకూడదు కనుక, ప్రతి భవనమూ డీజిల్ జనరేటరును, అది అందుకునేలోపు క్షణాలను పూరించే యూపీఎస్ వ్యవస్థను తన వెంట తెచ్చుకుంది. 2012, 2013 సంవత్సరాలలో విద్యుత్ కొరత వల్ల పరిశ్రమలు పవర్ హాలిడేలు పాటించవలసి వచ్చినప్పుడు ఈ ఏర్పాటు విలువ తెలిసివచ్చింది. కార్యాలయం లోపల చీకటి ఆ విధంగా దాదాపు మాయమైంది. మిగిలినవి చిన్న చిన్న చీకట్లు: హైదరాబాదులో సెల్లారు అని పిలిచే నేలమాళిగ పార్కింగ్, లిఫ్టు ఆగినప్పటి మెట్లు, బల్బు కాలిపోయిన గుమ్మం ముందు తాళం కన్నం, క్యాబు దిగాక ఇంటి గేటు వరకు నాలుగడుగుల సందు. మూడు సెల్లుల టార్చి ఇలాంటి చీకటికి అనవసర భారం. దానికి చాలినది జేబులో ఉన్నట్టే తెలియని దీపం.

అలాంటి దీపాన్ని ఎల్‌ఈడీ సాధ్యం చేసింది. వేడెక్కిన తీగతో నిమిత్తం లేకుండా, విద్యుత్తు ప్రవహించినప్పుడు కాంతిని వెలువరించే అర్ధవాహక ముక్కను ఎల్‌ఈడీ అంటారు. విద్యుత్తును పరిమితంగా మాత్రమే ప్రవహింపనిచ్చే పదార్థం అర్ధవాహకం. నిక్ హోలోన్యాక్ 1962లో ఎరుపు కాంతి ఎల్‌ఈడీని రూపొందించినా, తెల్లని వెలుగుకు అవసరమైన ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ కోసం మూడు దశాబ్దాలు వేచి ఉండవలసి వచ్చింది. జపాన్‌లో ఇసాము అకాసాకి, హిరోషి అమానో, షుజి నకమురా 1990ల ఆరంభానికి దానిని సాధించి, 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు. నీలి ఎల్‌ఈడీ మీద పసుపు కాంతినిచ్చే పూత వేస్తే, ఆ రెండూ కలిసి కంటికి తెలుపుగా తోస్తాయి. పాత బల్బు తాను పుచ్చుకున్న శక్తిలో అధిక భాగాన్ని వేడిగా వృథా చేస్తుంది. ఎల్‌ఈడీకి ఆ నష్టం చాలా తక్కువ కాబట్టి గోరంత సెల్లు కూడా చాలింది.

చవక కీచైన్ టార్చి నిర్మాణం ఈ సూత్రం మీదనే ఆధారపడింది. తెల్లని ఎల్‌ఈడీ వెలగడానికి సుమారు మూడు వోల్టులు కావాలి. అందుకోసం 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం గల సీఆర్ 2032 అనే లిథియం నాణెపు సెల్లును గాని, జనం వాచీ సెల్లులని పిలిచే ఒకటిన్నర వోల్టుల గుండీ సెల్లులను మూడింటిని గాని అమరుస్తారు. విద్యుత్తును అదుపు చేసే నిరోధకాన్ని కూడా చాలావాటిలో పెట్టరు. సెల్లుకు స్వతహాగా ఉండే అంతర్గత నిరోధమే ఆ పని చేస్తుంది. ఈ పొదుపు వల్ల ధర తగ్గుతుంది గాని, సెల్లు నీరసించే కొద్దీ వెలుగూ క్రమంగా సన్నగిల్లుతుంది. కాస్త ఖరీదైనవి ట్రిపుల్ ఏ సెల్లు ఒక్కదానితో నడుస్తూ, దాని ఒకటిన్నర వోల్టులను ఎల్‌ఈడీకి చాలినంత ఎత్తుకు పెంచే చిన్న సర్క్యూటును కలిగి ఉంటాయి. ఇటీవలివి యూఎస్‌బీ ద్వారా ఛార్జి చేసుకునే లిథియం అయాన్ బ్యాటరీతో వస్తున్నాయి.

ఈ వస్తువు హైదరాబాదు వీధుల్లో కుప్పలుగా పోసి అమ్మే స్థాయికి చేరడానికి వాణిజ్య విధానమూ తోడైంది. వినియోగ వస్తువుల దిగుమతులపై భారత ప్రభుత్వం విధించిన పరిమాణ ఆంక్షలు, అంటే ఏ సరుకు ఎంత రావచ్చో నిర్దేశించే హద్దులు, 2001 ఏప్రిల్ 1 నాటికి తొలగిపోయాయి. చైనాలో తయారైన చిన్న విద్యుత్ సామాను అప్పటినుంచి విరివిగా వచ్చింది. కోఠీలోని గుజరాతీ గల్లీ, ట్రూప్ బజార్ వంటి చోట్ల టోకు వర్తకుల నుంచి చిల్లర దుకాణాలకు, అక్కడి నుంచి ఐటీ కారిడార్ ఫుట్‌పాత్‌ల మీది బండ్లకు సరుకు పాకింది. అందువల్ల సైబర్ టవర్స్ నీడలో అమ్ముడయ్యే ఈ దీపం అక్కడి ఇంజనీర్ల సృష్టి కాదు. జపాన్ పరిశోధన, చైనా తయారీ, నగరపు పాత వర్తక మార్గాలు కలిసి దానిని అక్కడికి చేర్చాయి.

కొనేవాడు దానిని తొలిచూపులో అంచనా వేసే తీరులో కూడా ఒక మార్పు ఉంది. పాత టార్చిని గోడ మీద వెలిగించి, వెలుగు గుండ్రంగా పడుతోందా, దూరం పోతోందా అని చూసేవారు. కీచైన్ టార్చి విషయంలో ముందుగా కంటబడేది రంగు: చవకవాటిలో నీలి ఛాయ ఎక్కువగా ఉండి, వస్తువుల సహజ వర్ణాలు పాలిపోయినట్టు కనిపిస్తాయి. మీట జేబులో దానంతట అదే నొక్కుకుపోకుండా ఉందా, కొక్కెం తాళంచెవుల బరువుకు తెగకుండా నిలుస్తుందా, సెల్లు మార్చడానికి మర ఉందా అనేవి తరువాతి పరీక్షలు. కొలతలకు వస్తే, ఒక దీపం వెలువరించే మొత్తం కాంతిని ల్యూమెన్లలో చెబుతారు. మైనపు వత్తి సుమారు పన్నెండు ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే, ఒక్క చిన్న ఎల్‌ఈడీ గల కీచైన్ టార్చి దానికంటే తక్కువ ఇచ్చి కూడా, ఆ కాంతినంతటినీ ఒకే దిక్కుకు పంపడం వల్ల ఎదుటి తాళాన్ని అంతకంటే స్పష్టంగా చూపిస్తుంది. అమెరికాలో 2009లో వెలువడిన ఎఫ్‌ఎల్ 1 ప్రమాణం ప్రకారం, వెలుగు తొలి స్థాయిలో పదో వంతుకు పడిపోయే వరకు పట్టే కాలాన్ని టార్చి పనిచేసే కాలంగా, నిండు పున్నమి వెన్నెలంత వెలుగు పడే దూరాన్ని దాని పరిధిగా లెక్కిస్తారు. పెట్టె మీద రాసిన గంటలలో కొంత భాగం మసక వెలుగుదే కావడానికి ఈ లెక్కే కారణం.

కీచైన్ టార్చికి గట్టి పోటీ మొబైల్ ఫోను నుంచి వచ్చింది. 2003లో విడుదలై ప్రపంచవ్యాప్తంగా 25 కోట్లకు పైగా అమ్ముడైన నోకియా 1100 తన తలభాగంలో చిన్న టార్చితో భారతీయ గ్రామాలకు దగ్గరయింది. స్మార్ట్‌ఫోన్లు కెమెరా ఫ్లాష్‌నే టార్చిగా మార్చాయి. అయినా ఫోను ఛార్జి అడుగంటినప్పుడు, చెయ్యి ఖాళీ లేనప్పుడు, తాళంచెవి తిప్పే క్షణంలో దానితోపాటే ఉండే దీపం తన చోటు నిలుపుకుంది. మరోవైపు వీధులు మరింత వెలిగాయి. గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ 2017 నుంచి నాలుగు లక్షలకు పైగా వీధిదీపాలను ఎల్‌ఈడీలుగా మార్చింది; 2020 సెప్టెంబరు 25న ప్రారంభమైన దుర్గం చెరువు తీగల వంతెనకు రంగు రంగుల ఎల్‌ఈడీలు అలంకారమయ్యాయి.

అయితే ఈ వెలుగు అందరికీ సమానంగా పంపిణీ కాలేదు. అదే కారిడార్‌లో పునాదుల గుంతల చుట్టూ కాపలా తిరిగే వాచ్‌మన్, నిర్మాణ స్థలాల పక్కన రేకుల గదుల్లో ఉండే వలస కూలీ నేటికీ పెద్ద టార్చినే కోరుకుంటారు; వారు దాటవలసిన చీకటి ఇంకా పొడవైనదే. చిన్న దీపం మిగిల్చే భారం కూడా లెక్కలోకి రావాలి. సెల్లు మార్చడం కంటే కొత్త టార్చి కొనడమే సులువైనందున అవి సెల్లులతో సహా చెత్తలో చేరుతున్నాయి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వాటిని తిరిగి సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారుల మీద, దిగుమతిదారుల మీద ఉంచాయి. ఒకనాడు దివిటీల సంఖ్య ఇంటి హోదాను చాటితే, నేడు టార్చి ఎంత చిన్నదైతే దానిని మోసేవాడికి నగరం అంతగా వెలుగు సమకూర్చిందని అర్థం. కనుక ఐటీ కారిడార్ అభివృద్ధిని అంచనా కట్టదలచిన చరిత్రకారుడు అద్దాల భవనాల ఎత్తుతోపాటు, వాటి చుట్టూ రాత్రిపూట నడిచేవారి చేతుల్లోని దీపాల పరిమాణాన్ని కూడా పరిగణనలోకి తీసుకోవలసి ఉంటుంది.