బోరుబావుల హైడ్రోఫ్రాక్చరింగ్

బోరుబావుల హైడ్రోఫ్రాక్చరింగ్ అనగా గట్టిరాతి ప్రాంతాలలో నీరు సరిగా రాని బోరుబావిలోనికి అధిక పీడనంతో నీటిని పంపి, చుట్టూ ఉన్న రాతిలోని పగుళ్లను తెరిచే పద్ధతి. అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దున ఉన్న విడపనకల్లు వంటి కరువు ప్రాంతాలలో దీని ఉపయోగమును, పరిమితులను తెలుసుకొనుట అవసరం.

నేపథ్యం

అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. జిల్లాలో అధిక భాగం గ్రానైట్, నైస్ శిలలతో కూడి ఉన్నది. ఈ శిలలకు స్వతహాగా పారగమ్యత (నీటిని తమ గుండా పోనిచ్చే గుణం) దాదాపు లేదు. పైనున్న శిథిలమైన పొర నీటిని నిల్వ చేయగా, దాని క్రింది పగుళ్లు ఆ నీటిని బోరుకు చేరుస్తాయి. అందువలన ఒకే పొలంలో ఒక బోరులో నీరు పడి, ప్రక్కనే వేసిన మరొక బోరు ఎండిపోవచ్చు.

విధానం

కేసింగు పైపుకు దిగువన, గట్టిరాయి ఉన్న చోట ప్యాకర్ అనే రబ్బరు బిరడాను బిగించి, దాని గుండా పంపుతో నీటిని ఎక్కిస్తారు. 100 మీటర్ల లోతున పైరాతి బరువు వలన కలిగే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 26 కిలోలు. బోరులో నిండుగా ఉన్న నీటి ఒత్తిడి 10 కిలోలు మాత్రమే. మిగిలిన ఒత్తిడిని పంపు సమకూర్చాలి. పగులు తెరుచుకోగానే పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. పూడిపోయిన పాత పగుళ్లు దీనివలన శుభ్రపడి, వెడల్పై, ఒకదానితో ఒకటి కలుస్తాయి.

చమురు క్షేత్రాలలో

ద్రవపీడనంతో రాతిని పగులగొట్టే తొలి ప్రయోగం 1947లో అమెరికాలోని హ్యూగోటన్ సహజవాయు క్షేత్రంలో జరిగింది. అయితే పగుళ్లు అన్నివేళలా కోరుకున్నవి కావు. చమురును ఉత్పత్తి బావుల వైపు నెట్టుటకు భూమిలోనికి నీటిని ఎక్కిస్తారు. పారగమ్యత తక్కువైన రాతిలో ఆ నీరు త్వరగా వ్యాపించలేదు. బావి చుట్టూ పీడనం పేరుకొంటుంది. చల్లని నీటి వలన రాయి కుంచించుకొని, దానిలోని ఒత్తిడి తగ్గుతుంది. పీడనం ఈ ఒత్తిడిని మించినపుడు రాయి పగులుతుంది. ఆ పగులు ఉత్పత్తి బావి వరకు సాగితే, నీరు చమురును వదలి నేరుగా ఆ బావిలో చేరుతుంది. చైనాలోని ఓర్డోస్ బేసిన్ చమురు క్షేత్రాలలో ఈ సమస్య ఉన్నది.

పరిమితులు

హైడ్రోఫ్రాక్చరింగ్ నీటిని పుట్టించదు, ఉన్న నీటికి దారి మాత్రమే తెరుస్తుంది. భూగర్భజల మట్టం శిథిల పొరకు దిగువకు పడిపోయిన చోట, పగుళ్లు తెరిచినా చేరుటకు నీరు అంతగా ఉండకపోవచ్చు. పగులు పొరుగు బోరు నీటిదారితో కలిసినచో, ఒకరికి పెరిగిన నీరు మరొకరికి తగ్గవచ్చు. పై పొరలోని కలుషిత జలం బోరులోనికి దిగే ప్రమాదమూ ఉన్నది. కావున ఈ పద్ధతికి ముందు భూగర్భ పరిశీలన, తరువాత నీటి పరీక్ష అవసరం. తెరిచిన దారిలో నీరు నిలకడగా రావలెనన్న, చెరువులు, చెక్‌డ్యాముల ద్వారా వాననీటిని భూమిలోనికి ఇంకించవలసి ఉంటుంది.