ఉదయ దినచర్య: దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతం

నిద్ర లేచినప్పటి నుంచి పనికో బడికో బయలుదేరేదాకా రోజూ ఒకే వరుసలో, ప్రత్యేకంగా ఆలోచించకుండానే సాగిపోయే పనుల కూర్పును ఉదయ దినచర్య అంటారు. సూర్యాపేట జిల్లాలోని తిరుమలగిరిలోనూ, చుట్టూ విస్తరించిన పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట పల్లెల్లోనూ తెల్లవారకముందే లేవడం తరతరాల అలవాటు. ఆ అలవాటును చాలాకాలం పశువు, చెట్టు, నీళ్లు, కూలి, దొర హుకుం నిలబెట్టాయి. ఈ ఒత్తిళ్లు ఒక్కొక్కటే సడలి ఉదయం మనిషి చేతికి వచ్చాక, దాన్ని ఎవరికి వారు తీర్చిదిద్దుకోవలసి వచ్చింది. పాత పల్లె ఉదయం ఎందుకు తప్పేది కాదో గమనిస్తే, కొత్త అలవాటు ఎలా నిలుస్తుందో తెలుస్తుంది.

తిరుమలగిరి సూర్యాపేట–జనగామ రహదారి మీద ఉంది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనతో నల్లగొండ నుంచి సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది. 2018లో పురపాలక సంఘమైంది. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ వైపు ఉన్న తిరుమలగిరి (సాగర్) వేరే మండలం.

పేర్లు, వేళలు

గడియారం ఇంటింటికీ రాకముందు వేళను చూసి, విని గుర్తుపట్టేవారు. వేగుచుక్క పొడిచిన వేళ, కోడి కూసే వేళ, తెల్లారగట్ల, పొద్దుగాల అనే మాటలు ఒకదాని వెంట ఒకటి వచ్చే దశలు. ఇంకా చీకటి విడవకముందే లేచినవారిని ‘మబ్బుల లేచిండు’ అంటారు. ఇక్కడ మబ్బు అంటే చీకటి. మసీదు ఫజర్ అజాన్, గుడి మైకు ఇదే వరుసలో చేరిన గుర్తులు. సంప్రదాయ గ్రంథాల బ్రాహ్మీ ముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగుస్తుంది. ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయంలో దినచర్యకు ఒక అధ్యాయమే ఉంది.

భారత ప్రామాణిక కాలానికి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారం. తిరుమలగిరి దానికి సుమారు మూడు డిగ్రీలు పడమరన ఉంది కాబట్టి ఇక్కడి పొద్దు గడియారం కంటే పన్నెండు నిమిషాల వరకు వెనక నడుస్తుంది. జూన్ మొదట్లో 5 గంటల 40 నిమిషాల ప్రాంతంలో సూర్యోదయమైతే, జనవరి నడుమ అది 6 గంటల 45 నిమిషాలు దాటుతుంది. ఎండాకాలంలో తేలిగ్గా కుదిరిన అయిదింటి లేవడం చలికాలంలో భారమయ్యేది ఇందుకే. పొద్దును బట్టి లేచే రైతుకు ఈ తేడా తెలియదు. అలారం పెట్టుకున్నవారికి తెలుస్తుంది.

సొంతం కాని ఉదయం

నిజాం కాలంలో ఈ ప్రాంతంలో వెట్టిచాకిరి నడిచింది. వృత్తికులాల వారు తమ పనికి ముందు గడిలో, అంటే దొర కోటలాంటి ఇంట్లో, పని చేసి రావలసి ఉండేది. జీతం కుదిరిన పాలేరు తెల్లవారకముందే యజమాని కొట్టంలో పెండ తీసి, పశువులకు మేత వేయాలి. అతని ఇల్లు ఊడ్చేదెప్పుడో, అతని పిల్లలు తినేదెప్పుడో ఆ తర్వాతి మాట. 1946 జులై 4న అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని కడవెండిలో దొర పెత్తనానికి ఎదురుతిరిగిన దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు బలయ్యాడు. ఆ తర్వాత తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. ఆ పోరాటం భూమి కోసం, కూలి కోసం. దాంతోపాటు, చెప్పకపోయినా, తన పొద్దు తనదయ్యే హక్కు కోసం కూడా.

వెట్టి పోయినా అప్పుకింద జీతం చేసే పద్ధతి చాలాకాలం మిగిలింది. దాన్ని నిషేధిస్తూ 1976లో కేంద్రం చట్టం చేసింది. మహబూబ్‌నగర్ వైపు నుంచి దేశమంతటా ఆనకట్టల పనికి, కాలువల పనికి తరలిపోయిన పాలమూరు లేబర్‌కు ఉదయమంటే మేస్త్రీ పిలుపే. ఇది గుర్తుంటే, ఒక కూలి మనవరాలు నేడు పుస్తకం చదువుకోవడానికని అయిదింటికి లేవడం ఎంత పెద్ద మార్పో అర్థమవుతుంది.

వృత్తులు నేర్పిన క్రమం

తాడిచెట్టు ఎక్కే గౌండ్లవారిది తప్పనిసరి దినచర్య. మోకు, ముత్తాదు, కత్తి సర్దుకొని ఉదయం, సాయంత్రం చెట్టెక్కి గెల కొనను పలుచగా చెక్కాలి. చెక్కడం మానేస్తే కోత ఎండి కల్లు ఊరడం ఆగిపోతుంది. నిన్నటి పనికి ఫలం ఈ రోజు లొట్టిలో (కల్లు కుండలో) కనిపిస్తుంది. నేటి నిర్లక్ష్యం రేపు కనిపిస్తుంది.

బర్రె ఉన్న ఇంట్లోనూ అంతే. రోజూ ఒకే వేళకు, ఒకే చేతికి అలవాటు పడిన బర్రె వేళ తప్పితే సరిగా చేపదు. పాల కేంద్రం తెరిచేది కొద్దిసేపే కాబట్టి పాలు పిండి క్యాను పట్టుకొని బయలుదేరక తప్పదు. పాడి రైతుకు వేరే అలారం అక్కర్లేదు.

వాకిలి ఊడ్చి, సాన్పి (పెండ నీళ్లు) చల్లి, ముగ్గు వేయడం మూడో ఉదాహరణ. ఒక పని ముగియడమే తర్వాతి పనికి సంకేతం: చీపురు పక్కన పెట్టగానే చేయి సాన్పి బకెట్ మీదికి పోతుంది, అది ఆరేలోగా ముగ్గు చిప్ప అందుకుంటుంది. చావు జరిగిన ఇంట్లో ముగ్గు వేయరు కనుక, వాకిలి ఖాళీగా కనిపిస్తే పక్కింటివారు వచ్చి సంగతేమిటని అడుగుతారు. పని నలుగురి కంటికీ ఆనేదిగా ఉండడం దానికి పెద్ద బలం.

ఈ మూడింటిలోనూ ఉమ్మడి లక్షణం ఒక్కటే. పొద్దున మనిషి కోసం ఏదో ఒకటి ఎదురుచూస్తూ ఉంటుంది: చెట్టు, పశువు, వాకిలి.

మారిన పరిస్థితులు

గత ఇరవయ్యేళ్లలో ఈ ప్రాంతపు ఉదయం బాగా మారింది. 2006లో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. జనం ‘కరువు పని’ అనే ఈ పనికి ఎండాకాలంలో పొద్దు ఎక్కకముందే గుంపులుగా కదులుతారు. వ్యవసాయ కరెంటు విడతల వారీగా వచ్చిన రోజుల్లో రైతు అర్ధరాత్రి లేచి మోటరు దగ్గరికి పోయేవాడు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడంతో ఆ నిద్రాభంగం తగ్గింది. ఫ్లోరైడ్ పీడించిన నల్లగొండలో తాగునీటి కోసం బిందెలతో నిలబడడమే ఎందరో ఆడవాళ్ల ఉదయాన్ని మింగేది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లను ఇళ్లకు చేర్చింది.

ఇలా మిగిలిన సమయం చదువుకో, నడకకో, పొలానికో పోవచ్చు, ఫోన్‌లోకీ జారిపోవచ్చు. రాత్రి తెర వెలుగు నిద్రను వెనక్కి నెడుతుంది, పొద్దున అదే తెర మంచం దిగనివ్వదు. బయటి ఒత్తిడి పోయినచోట లోపలి కట్టుబాటు వెంటనే పుట్టదు. దాన్ని పెంచుకోవాలి.

మండల దీక్ష

అయ్యప్ప మాల వేసుకున్నవారు ఒక మండలం, అంటే నలభై ఒక్క రోజులు, సూర్యోదయానికి ముందే లేచి, చన్నీళ్ల స్నానం, పూజ, ఒంటిపూట భోజనం పాటిస్తారు. అంతకుముందు ఎనిమిదింటికి గానీ లేవనివారు కూడా ఒక్క రోజు తప్పరు. నల్లబట్టలు, మెడలో మాల, ‘స్వామీ’ అన్న పిలుపు, తోటి స్వాముల భజన వారిని నిలబెడతాయి. మాల తీశాక చాలామంది పాత వేళకే తిరిగిపోతారు. వారి సంకల్పం బలహీనమైందని దీనికి అర్థం చెప్పరాదు. గుర్తుచేసే వస్తువులు, తోడుండే మనుషులు, చూసే ఊరు మూడూ ఒకే రోజున తొలగిపోయాయి. మాల తీసినా ఆ మూడింటిలో ఒక్కటైనా, ఉదాహరణకు ఒక స్వామి తోడుగా తెల్లారి నడక, మిగుల్చుకున్నవారికి అలవాటు మిగిలే అవకాశం ఎక్కువ.

నల్లగొండలో ఎనిమిదిన్నర

ఒక ఊరంతా కలిసి ఉదయపు అలవాటును నిలుపుకోవచ్చని నల్లగొండ పట్టణం చూపింది. జనగణమన ఉత్సవ సమితి చొరవతో 2021 జనవరి 23 నుంచి ప్రతి ఉదయం 8:30కి ప్రధాన కూడళ్లలో మైకుల ద్వారా జాతీయ గీతం వినిపిస్తున్నారు. 52 సెకన్ల పాటు వాహనాలు, కాలినడక వారు ఎక్కడివారక్కడ నిలుస్తారు. అంతకుముందే కరీంనగర్ జిల్లా జమ్మికుంటలో 2017 ఆగస్టు 15న ఇలాంటి పద్ధతి మొదలైంది. స్థిరమైన వేళ, చెవిన పడే సంకేతం, నిమిషంలో ముగిసే పని, పక్కన నిలబడే జనం: అలవాటుకు కావలసిన నాలుగూ ఇక్కడ ఉన్నాయి.

శాస్త్ర వివరణ

అలవాటు మనసుకు భారం తగ్గిస్తుందని విలియం జేమ్స్ 1890లోనే వివరించాడు. ‘ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు’ అన్న నమ్మకం 1960లో పుస్తకం రాసిన ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ పరిశీలన నుంచి పాకింది. ఆయన ప్రధానంగా చెప్పింది శస్త్రచికిత్స తర్వాత కొత్త రూపానికి అలవాటు పడే కాలం గురించి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాలు గమనించి 2009లో ఫలితాలు ప్రకటించింది. పని అప్రయత్నంగా జరిగే స్థాయికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. వ్యక్తిని, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని అంచనా వేశారు. నీళ్లు తాగడం వంటివి త్వరగా, వ్యాయామం ఆలస్యంగా కుదిరాయి. ఒక రోజు తప్పినంత మాత్రాన నష్టమేమీ కనిపించలేదు. మండల కాలం దాటాక కూడా ఆసరా ఎందుకు కావాలో ఈ లెక్క చెబుతుంది.

ఎప్పుడు, ఎక్కడ చేస్తామో ముందే నిర్ణయించుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరించాడు. శరీరంలోని జీవగడియారం పనిచేసే తీరును కనుగొన్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి దక్కింది. ఆ గడియారాన్ని రోజూ సరిచేసే ప్రధాన సంకేతం పొద్దుటి వెలుగు. లేవగానే వాకిట్లోకి రావడం అందుకే మేలు.

కుదుర్చుకునే పద్ధతి

ఉదయం రాత్రే మొదలవుతుంది. పెద్దలకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. అయిదింటికి లేవదలచినవారు పదింటికల్లా పడుకోవాలి. నిద్రను కోసి లేచే దినచర్య ఎక్కువ రోజులు సాగదు.

కొత్త పనిని ఇప్పటికే తప్పకుండా జరిగే పనికి ముడివేయాలి. పాలు పోసి వచ్చిన వెంటనే పది నిమిషాలు చదవడం, చాయ్ మరిగేలోగా నడుము వంచి నాలుగు ఆసనాలు, నల్లా బంద్ కాగానే నడక అన్నట్టు. మొదట పని చాలా చిన్నదిగా ఉండాలి: ఒళ్లు బాగాలేని రోజు కూడా చేయగలిగినంత. ఒకటి కుదిరాకే రెండోది చేర్చాలి.

ఎదురుచూసే మనిషి దొరికితే సగం పని అయినట్టే. వీధి చివర నిలబడే నడక జోడీ, పొద్దున పాఠం అప్పజెప్పించుకునే తాత, మొక్కలకు నీళ్ల వంతు, ఏదైనా సరే. ఫోన్ చేతికందని చోట, వీలైతే వంటింట్లో, ఉంచడం మంచిది. చలికాలంలో వేళను అరగంట జరుపుకోవడం ఓటమి కాదు. పొద్దు కూడా జరుగుతుంది. తప్పిన రోజును వదిలేసి మర్నాడు మళ్లీ మొదలుపెట్టాలి.

రాత్రి డ్యూటీ చేసేవారికి గడియారపు అయిదు గంటలు వర్తించవు. వారు ఎప్పుడు లేస్తే అప్పుడే ఉదయం. పనుల వరుస మారకుండా ఉంటే చాలు.

ఇంకా మిగిలినది

పల్లెలోనూ పట్టణంలోనూ ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఇప్పటికీ ఎక్కువగా ఆడవాళ్లే. వాకిలి, పొయ్యి, పిల్లల టిఫిన్, సద్ది డబ్బా, ఆ తర్వాత కూలి. వారి ఉదయంలో క్రమశిక్షణకు లోటు లేదు, తమకంటూ సమయానికే లోటు. ఇంట్లో మగవాళ్లు, ఎదిగిన పిల్లలు ఒక్కో పని అందుకుంటేనే ఆమెకు పావుగంట మిగులుతుంది. అందువల్ల ఒక ఇంటి ఉదయాన్ని దిద్దుకునేటప్పుడు ముందు తేల్చుకోవలసిన ప్రశ్న: వాకిలి ఊడ్చేది రేపు ఎవరు?