‘పికప్’: ఏరుకోవడం నుంచి పట్టుకెళ్లడం దాకా

‘పిక్’ అనే క్రియకు ‘అప్’ చేరితే ఇంగ్లిష్‌లో పది రకాల పనులకు పనికొచ్చే మాట తయారవుతుంది. తెలుగులో మాత్రం ఒక్కో పనికి ఒక్కో మాట ఉంది. తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఉన్న ఉసూర్ బ్లాకు జీవితంలో ఈ అర్థాలు చాలావరకు కనిపిస్తాయి.

ఏరడం, ఎత్తడం: వేసవి మొదట్లో తెల్లవారుజామున నేల రాలిన ఇప్పపూలు ఏరడం ‘పికప్’. తునికాకును చెట్టు నుంచి కోయడం మాత్రం ఉత్త ‘పిక్’. కింద ఉన్నది పైకి తీస్తేనే ‘అప్’ చేరుతుంది. ఫోన్ ఎత్తడమూ ‘పికప్’ అనే అంటారు.

ఎక్కించుకోవడం: దారిలో ఆగి మనిషినో సరుకునో బండిలోకి తీసుకోవడం. వెనుక తొట్టి ఉన్న బండినీ ‘పికప్’ అంటారు.

పట్టుబడటం: ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే భాష రావడం. గోండి, దోర్లి ఇంట్లో మాట్లాడేవారికి సంతలోనో, తెలంగాణ మిర్చి చేలల్లో కూలికి వెళ్లినప్పుడో తెలుగు పట్టుబడితే, దాన్నీ ‘పికప్’ అంటారు.

పుంజుకోవడం: వాన, వ్యాపారం, వేగం పెరగడం. ఈ అర్థంలో సాధారణంగా కర్మ ఉండదు.

వాడుకలో ఒక నియమం: ‘అది’, ‘అతన్ని’ వంటి సర్వనామం ఎప్పుడూ మధ్యలోనే రావాలి. ‘పిక్ ఇట్ అప్’ సరైనది, ‘పిక్ అప్ ఇట్’ తప్పు.

ఇక మిగిలింది పోలీసు అర్థం. ‘యువకుణ్ని పికప్ చేశారు’ అని ఇంగ్లిష్ వార్తలో ఉంటే అది అరెస్టా, విచారణకు పిలిపించడమా, ఊరికే పట్టుకెళ్లడమా తెలియదు. అదే పని మావోయిస్టులు చేస్తే సాధారణంగా ‘అపహరణ’ అని రాస్తారు. ఉసూర్ లాంటి చోట ఈ తేడా మాటల పట్టింపు కాదు. రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం అరెస్టయిన వ్యక్తిని ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు, అరెస్టు మెమోలో తేదీ, సమయం రాసి సాక్షి సంతకం తీసుకోవాలనీ, బంధువుకో స్నేహితుడికో కబురు చేయాలనీ ఆదేశించింది. ‘పికప్’ అన్న మాట ఈ ప్రశ్నలు వేటికీ జవాబు చెప్పదు. ఊళ్లోంచి తీసుకెళ్లిన వేళకూ, కాగితం మీద అరెస్టు వేళకూ మధ్య ఖాళీ ఉంటే అది ఆ మాట చాటునే దాగిపోతుంది.

అందుకే తెలుగులోకి తెచ్చేటప్పుడు మెమో ఉంటే ‘అరెస్టు చేశారు’, పోలీసులే ఒప్పుకుంటే ‘అదుపులోకి తీసుకున్నారు’, కుటుంబం మాటే ఆధారమైతే ‘పట్టుకెళ్లారని కుటుంబం చెబుతోంది’ అని రాయడం మేలు. ఏ రోజు, ఏ వేళకు అన్నది కూడా ఆ వాక్యంలోనే ఉండాలి.