ఓడలకును విమానములకును విద్యుచ్ఛక్తి

విశాఖపట్నమునకు పోయినవారిలో పెక్కురు సముద్రపుటొడ్డున ఇసుకమీద నిలిపియుంచిన కురుసుర యను జలాంతర్గామిని చూచియే యుందురు. సోవియటు దేశమున నిర్మితమై, 1969వ సంవత్సరమున మన నౌకాదళమున చేరి, 2001లో విశ్రాంతి పొందిన యా నౌక 2002 నుండి ప్రదర్శనశాలయైనది. లోపల ప్రవేశించినవారి చూపు సాధారణముగా టార్పీడోలపై నిలుచును. నేటి ప్రసంగమునకు కావలసినవి మాత్రము అందలి డీజిలు యంత్రములును, విద్యుత్తు మోటారులును. నీటిపై తేలునపుడు గాలి దొరకును గనుక డీజిలు యంత్రములు నడచును, బ్యాటరీలను నింపును. మునిగినపుడు గాలి లేదు. అప్పుడు బ్యాటరీల బలముతో మోటారులే ఓడను త్రోయును. ఇట్లు రెండు శక్తులను జతపఱచుటను పత్రికలిప్పుడు ‘హైబ్రిడు’ అని సరిక్రొత్త వింతగా వర్ణించుచున్నవి. క్రొత్తది పేరు మాత్రమే. అమెరికాలో జాను హాలెండు 1897లో నీట దింపిన జలాంతర్గామియందే పెట్రోలు యంత్రమును విద్యుత్తు మోటారును జంటగా నుండెను. మోటారు ఒంటరిగా పడవను నడపిన కథ యింకను పాతది.

అది 1838వ సంవత్సరము. రుష్యా రాజధానియైన సెంటుపీటర్సుబర్గులో, నీవానదిమీద, మారిట్జు యాకోబీ యను ప్రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు పండ్రెండుగురికి తక్కువ కాని జనమును ఎక్కించుకొని యొక పడవను విద్యుత్తుతో నడపెను. ధనమిచ్చినవాడు జారు చక్రవర్తి మొదటి నికొలసు. పడవ నడచినది గాని, నడకకన్న మించిన వేగము లేదు. అంతకన్న పెద్ద చిక్కు ఖర్చు. ఆనాటి బ్యాటరీలో జింకు కరగిపోవుటచే విద్యుత్తు పుట్టును. అనగా బొగ్గునకు బదులు జింకును తగులబెట్టుటయే. ఇంగ్లండున జేమ్సు జూలు 1841లో లెక్కవేసి, ఈ మోటారు ఆవిరియంత్రమునకు పోటీ కాజాలదని నిరాశ వెలిబుచ్చెను. డైనమోలు రాకమునుపు చేసిన యా లెక్క తప్పు కాదు. మోటారు మొదటినుండియు మంచిదే. దానికి తిండి పెట్టుటయే కష్టము.

ఆకాశమున ఈ కష్టము మఱింత స్పష్టమయ్యెను. ఫ్రాన్సు దేశమున షార్లు రెనారు, ఆర్థరు క్రెబ్సు అను ఇద్దఱు సైనికాధికారులు 1884 ఆగస్టు 9వ తేదీన ‘లాఫ్రాన్సు’ అను వాయునౌకపై 8 కిలోమీటర్లు తిరిగి, 23 నిమిషములలో బయలుదేఱిన చోటనే దిగిరి. అంతకు ముందు గాలిలో ఎగిరినవారు గాలి పోయిన దిక్కునకు పోవలసినదే. తలచిన చోటికి మరలి వచ్చిన మొదటి వాయునౌక యిదియే, అదియు విద్యుత్తుతో నడచినదే. ఈ సంగతి మన పాఠ్యపుస్తకములలో కానరాకపోవుట విచారకరము. ఆ నౌక మోసిన బ్యాటరీ బరువు 435 కిలోలు. మోటారు బలము ఎనిమిదిన్నర అశ్వశక్తులు. బాటసారి సద్దిమూట తిన్నకొలది తేలికపడును. పెట్రోలును కిరసనాయిలును అట్టివి. బ్యాటరీ మాత్రము ఇనుపపెట్టె. లోపలి శక్తి అయిపోయినను తుదివఱకు మోయకతప్పదు.

ఓడలకు ఈ చిక్కునుండి బయటపడు త్రోవ వోల్గానదిమీద దొరకినది. ఆ కథను కొంత నిదానముగా చెప్పవలెను. బాకూ నూనెబావులనుండి వచ్చు కిరసనాయిలును నదులమీదను కాలువలమీదను సెంటుపీటర్సుబర్గునకు చేర్చు వ్యాపారము నోబెలు కుటుంబముది. నోబెలు బహుమానములు నెలకొల్పిన ఆల్ఫ్రెడుగారి అన్నకొడుకు ఎమాన్యుయేలు నోబెలు అప్పుడు దానికి అధిపతి. డీజిలు యంత్రము అప్పుడప్పుడే వచ్చినది. ఆవిరియంత్రముకన్న చాల తక్కువ నూనెతో నడచును. కాని దానికొక పెద్ద లోపముండెను: ముందునకే గాని వెనుకకు తిరుగనేరదు, వేగమును ఇష్టానుసారము తగ్గించుటకును లొంగదు. ఇరుకు కాలువలలో, లాకులచెంత, పడవను వెనుకకు నడపలేని సరంగు గతి యేమి? కార్లు హాగెలిను అను నోబెలు ఉద్యోగి పన్నిన ఉపాయ మిది. డీజిలు చక్రమును ముట్టనే వలదు. అది డైనమోను త్రిప్పవలెను, డైనమో మోటారునకు విద్యుత్తు నీయవలెను, మోటారు చక్రమును త్రిప్పవలెను. 1903లో ‘వాండలు’ అను నూనె ఓడ ఈ విధముగా సిద్ధమయ్యెను. 120 అశ్వశక్తుల డీజిళ్ళు మూడు, నిమిషమునకు 240 చుట్లు చొప్పున మాఱని వేగముతో తిరుగుచుండెను. చక్రములు మాత్రము సరంగు మీట కదపినట్లెల్ల 30 మొదలు 300 చుట్లవఱకు, ముందునకును వెనుకకును తిరుగుచుండెను. ట్రాముబండివాని చేతిలోని మీటవంటిదే యది.

అయితే బలము చేతులు మాఱినప్పుడెల్ల కొంత సుంకము చెల్లింపక తప్పదు. మరుసటి యేట వచ్చిన ‘సర్మాటు’ అను ఓడలో ఈ నష్టమును తగ్గించిరి: ముందునకు సాగునపుడు డీజిలే నేరుగా చక్రమును త్రిప్పును; వెనుకకు మరలునపుడే విద్యుత్తును పిలుతురు. కొలది యేండ్లలో వెనుకకు తిరుగు డీజిళ్ళే వచ్చుటచే ఈ ఉపాయమునకు తాత్కాలికముగా పని తప్పెను.

సముద్రమున సమస్య వేఱు. ఆవిరి టర్బయిను అతివేగముగా తిరిగినగాని రాణింపదు. ఓడచక్రము మెల్లగా తిరిగినగాని నీటిని చక్కగా త్రోయదు. అంతటి పెద్ద పండ్లచక్రములను కచ్చితముగా కోయుట అప్పటికి దుర్లభము. అమెరికా నౌకాదళమువారు బొగ్గుమోయు ‘జూపిటరు’ ఓడలో 1913లో విద్యుత్తును మధ్యవర్తిగా పెట్టి చూచిరి. ఫలితము నచ్చి యుద్ధనౌకలకును ఆ పద్ధతినే యిచ్చిరి. అట్టి యొక నౌక ‘లెక్సింగ్టను’. 1929 చివర వానలు లేక జలాశయము లెండి, వాషింగ్టను రాష్ట్రమున టకోమా నగరమునకు విద్యుత్తు కరవైనపుడు, ఈ నౌక రేవున నిలిచి నెలదినములపాటు ఆ నగరమునకు విద్యుత్తు నిచ్చినది. ఓడ యనగా తేలియాడు విద్యుత్కేంద్రమని జనులకు తెలిసినది అప్పుడే.

పిమ్మట పండ్లచక్రముల పనితనము పెరిగి విద్యుత్తు వెనుకబడెను. మరల దానిని పిలిచినవి యాత్రానౌకలు. దీపములకు, వంటయిండ్లకు, చల్లదనపు యంత్రములకు పట్టణమునకు సరిపడు విద్యుత్తు అచట ఎట్లును కావలెను. చక్రములకును ఆ కేంద్రమునుండియే ఇచ్చిన, అవసరమైనన్ని యంత్రములనే నడపి తక్కినవానిని ఆపవచ్చును. ‘క్వీన్ ఎలిజబెత్ 2’ ఓడలో 1986–87లో ఆవిరిని తొలగించి తొమ్మిది డీజిళ్ళతో ఇట్లే చేసిరి. ఇక కేవలము బ్యాటరీతో నడచు పెద్ద బల్లకట్టు ‘ఆంపియరు’ 2015లో నార్వేలోని సోగ్నె సముద్రపుపాయమీద పనికి దిగినది. దాటవలసినది ఆఱు కిలోమీటర్లకు లోపు. ఒడ్డుననున్న పల్లెల తీగలకు ఒక్కసారిగా అంత విద్యుత్తు నిచ్చు తాహతు లేకపోగా, రెండు గట్లమీదను బ్యాటరీలనే పెట్టి వానినుండి ఓడను నింపిరి. మన కొచ్చిలో 2023 ఏప్రిలున ప్రారంభమైన జలమెట్రో పడవలు బ్యాటరీతో నడచుచు, అవసరమునకు డీజిలు జనరేటరును వెంటనుంచుకొనునవి. మాటిమాటికి ఆగి, మెల్లగా రేవు చేరి, మరల బయలుదేఱు నావలకే ఈ జోడుపద్ధతి చక్కగా ఒప్పును.

విమానమున కట్లు ఒప్పదు. పైకెక్కిన పిమ్మట దాని యంత్రము గంటలతరబడి ఒకే తీరుగ నడచును. జోడుపద్ధతి మిగుల్చునది కొద్ది, మోయించునది పెద్ద. ఒక కిలో కిరసనాయిలులో ఇంచుమించు 12 యూనిట్ల శక్తి యున్నది. నేటి మేలైన లిథియము బ్యాటరీలో కిలోకు పావు యూనిటు. మోటారు శక్తిని వృథా చేయదను మేలును కలిపి లెక్కించినను అంతరము పదునైదింతలకు తగ్గదు. మనుష్యుని మోసిన మొదటి విద్యుద్విమానము 1973 అక్టోబరు 21న ఆస్ట్రియాలో ఎగిరినపుడు కొద్ది నిమిషములే గాలిలో నుండెను. స్లొవేనియాలో నిర్మించిన రెండు పీటల విమానమొకటి 2020లో యూరపు ప్రభుత్వముల ధ్రువపత్రమును పొందినది. అది శిక్షణకు తగినది. పెద్దసంస్థలు తలపెట్టిన ప్రయోగములు మాత్రము తడబడినవి. నాలుగు యంత్రములలో ఒకదానిని మోటారుగా మార్పదలచిన ‘ఈఫ్యాను ఎక్సు’ 2020లో ఆగెను. అమెరికాలో నాసావారి ‘ఎక్సు 57’ 2023లో ఎగురకయే ముగిసెను.

కెనడాలో ఒక సముద్రవిమాన సంస్థవారు తమ పాత బీవరు విమానమొకదానికి 750 అశ్వశక్తుల మోటారు పెట్టి 2019 డిసెంబరు 10న ఎగురవేసిరి. 2022 ఆగస్టులో అదే విమానము 72 కిలోమీటర్లు పోయెను. అందుకు పట్టిన కాలము 24 నిమిషములు; రెనారు, క్రెబ్సులు 1884లో గాలిలో నున్నదానికన్న ఒక్క నిమిషము మాత్రమే ఎక్కువ.