కొంటా
కొంటా ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొనలో, సుక్మా జిల్లాలో, శబరి నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం, తహసీలు కేంద్రం. ఆంధ్రప్రదేశ్, ఒడిశా సరిహద్దులు దీనికి ఆనుకునే ఉంటాయి. సమీపంలో సీలేరు శబరిలో కలుస్తుంది. ఆ నీరు కూనవరం వద్ద గోదావరిని చేరుతుంది. గోదావరి పోటెత్తితే శబరి వెనక్కి తన్ని పట్టణాన్ని ముంచుతుంది.

బస్తర్ సంస్థానంలో భాగమైన ఈ ప్రాంతం 1948లో భారతదేశంలో విలీనమైంది. 1998లో దంతెవాడ జిల్లాకు, 2012లో సుక్మాకు మారింది. దోర్ల, కోయ, తెలుగు మాటలు సంతలో కలిసే వినిపిస్తాయి. తునికాకు, ఇప్పపువ్వు అడవి పల్లెల ప్రధాన రాబడి. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా మొదలైన సాయుధ ఉద్యమం సల్వాజుడుం కాలం ఇక్కడి సమాజానికి అతి పెద్ద గాయం: ఊళ్లు ఖాళీ అయ్యాయి, కొందరు శిబిరాలకు, వేలమంది పొరుగునున్న అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు తరలిపోయారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ పోరు కోసం గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా సాయుధులను చేయడాన్ని రాజ్యాంగ విరుద్ధమని తీర్పునిచ్చింది. రాకపోకల విషయానికొస్తే, జగదల్‌పూర్ నుంచి విజయవాడ వైపు సాగే 30వ జాతీయ రహదారి పట్టణం మీదుగానే వెళుతుంది.