కరదీపిక కోసం ఆగిన పని

ఆత్మకూర్ (ఎస్)లో ఒక రైతు బావికి మోటారు బిగించుకొనుచున్నాడనుకొందము. పైపులు, తీగలు అన్నియు సిద్ధము. కాని దాని కరదీపికను మీరే అచ్చువేసుకొనవలెననియు, అచ్చుయంత్రము తెచ్చినగాని మీట నొక్కరాదనియు చెప్పినచో అతడేమనును? స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును మూలమునుండి కంపైలు చేసుకొనువారికి ఈ చిక్కు కొత్తది కాదు.

1971 నవంబరు 3న బెల్ ప్రయోగశాలలలో థామ్సన్, రిచీలు యూనిక్స్ కరదీపిక తొలి కూర్పును వెలువరించిరి. పుటలను తీర్చు 'రాఫ్' యూనిక్స్‌లోనే ఉండెడిది; వేరుగా తెచ్చుకొను పని లేదు. 1976లో అక్కడనే ఫెల్డ్‌మన్ 'మేక్' వ్రాసెను. అది ఫైళ్ల కాలమును పోల్చి, మూలముకంటె ఫలితము పాతదైనచో మరల తయారుచేయును. తరువాతి తిప్పలలో సగము ఈ చిన్న సూత్రమునుండియే పుట్టినవి.

టెక్ నిర్మాత క్నూత్ 1980 దశకములో ప్రోగ్రామును, వివరణను కలిపి వ్రాయు 'వెబ్' పద్ధతిని తెచ్చెను (నేటి వెబ్ వేరు). అందుండి కంపైలు కాదగిన పాఠమును తీయు 'టాంగిల్' కూడ వెబ్‌లోనే వ్రాయబడినది. టాంగిల్ లేనిదే టాంగిల్ రాదు! కావున ముందే తీసిన పాస్కల్ ప్రతిని వెంట పంపిరి. నాకు తోచినంతలో ఇంతకు మించిన ఉపాయము నేటికిని లేదు.

గ్నూవారును అదే చేసిరి. వారి కరదీపికలు టెక్స్‌ఇన్ఫోలో ఉండును. వాటిని మార్చు 'మేక్‌ఇన్ఫో' అందరికడ ఉండదు గనుక, తయారైన పుటలను మూలపు మూటలోనే చేర్చిరి. అయితే 2005లో పుట్టిన గిట్ ఫైళ్ల పాత కాలమును భద్రపరచదు. గిట్‌నుండి దించుకొన్నపుడు ఏది ముందో ఏది వెనుకో తారుమారగును. తయారైన పుటలు ఉన్నను మేక్ వాటిని పాతవనుకొనవచ్చును. అప్పుడు మేక్‌ఇన్ఫో లేదని పని నిలిచిపోవును. మూలములో దోషమేమియు లేదు, పాపము!

గిట్ నిర్మాతలు తమ ఇంటిని మాత్రము చక్కదిద్దుకొనిరి. ఉత్త 'మేక్' అన్నచో ప్రోగ్రామే తయారగును; పుటలు కావలెనన్న 'మేక్ డాక్' అనవలెను. దానికి ఆస్కీడాక్ మొదలగునవి కావలెను. లేనివారికి సిద్ధపుటల నిధి వేరుగా కలదు.

మన భాషలో పీడీఎఫ్ కరదీపిక కోరినచో జాబితా ఇంకను పెరుగును: యూనికోడ్ తెలుగును కూర్చగల జీటెక్ వంటిది, తెలుగు ఖతి. టెక్ సామగ్రి అంతయు దించుకొన్నచో కొన్ని గిగాబైట్లు. పల్లెలో సెల్‌ఫోను డేటాతో నేర్చుకొను విద్యార్థికి ఇది తక్కువ భారము కాదు.

డెబియన్‌వారు ఇందుకే 'నోడాక్' అను వీలు కల్పించిరి. అట్లు కట్టిన మూటలో ప్రోగ్రాము నడచును. 'మ్యాన్' అని అడిగినపుడు పుట దొరకదు.